గడ్డి మిషన్‌లో చక్కెర

గడ్డి కోసే మిషన్‌లో ఆగమ్మ చక్కెర పోస్తుందని ఇస్నాపూర్‌లో మా కిరాయి గదుల వరుసంతా చెప్పుకునేవారు. మిషన్ వచ్చాక కొడవలి పట్టే ఆడవాళ్లను పనిలోంచి తీసేశారు. చెట్లకు నీళ్లు పట్టడానికి, మిషన్‌కు పెట్రోలు తేవడానికి ఆగమ్మను మాత్రం ఉంచారు. మిషన్ మాటిమాటికీ ఆగిపోతుంటే, తోటివాళ్లను తీసేశారన్న కోపంతోనే ఆమె దాన్ని పాడు చేస్తుందని వాళ్ల లెక్క.

"ఇంట్ల చాయ్‌ల ఏసుకోనీకి లేదు గని, మిషన్‌కు తాపుతుందట సూడు!" అని పక్కగది పుష్ప అంటే అందరూ నవ్వేవారు.

ఆగమ్మా నేనూ ఇంద్రేశం దగ్గర కొత్త లేఅవుట్‌లో పని చేస్తాం. నేను దారులు ఊడుస్తాను. ఒకరోజు సూపర్‌వైజర్ ప్రభాకర్ నన్ను పక్కకు పిలిచాడు.

"నువ్వెట్లా నోరు తెర్వవు. నీ ముందట ఎవరూ ఏం దాచుకోరు. ఆగమ్మ మీద జెర కన్నేసి ఉంచు. దొరికిందా, అదే రోజు గేటు బయట."

నేను తలూపాను.

ఇక నా చూపు ఆగమ్మను వదల్లేదు. ఆమె కొంగున ఎప్పుడూ ఏదో ఒక చిన్న మూట ఉంటుంది. అది నమిలే తమాకు అని తెలుసు. అయినా ముడి విప్పినప్పుడల్లా లోపల తెల్లగా ఏమైనా మెరుస్తుందేమోనని చూసేదాన్ని. పెట్రోలు బంకుకు వెళ్లే ముందు ఆమె ఖాళీ డబ్బా పట్టుకుని, అటూ ఇటూ చూసి, మోటారు గది వెనక్కి వెళ్లేది. ఒకరోజు చీపురు పట్టుకునే వెనకాల వెళ్లాను.

ఆమె డబ్బాలో నీళ్లు పోసి కుదిపి పారబోస్తోంది. వాసన చూస్తోంది. మళ్లీ పోస్తోంది. చివరికి రాయి మీద బోర్లించి, నన్ను చూసింది.

"ఏంది బిడ్డ, గట్ల దొంగోలె నిలవడ్డవ్? నీళ్లు పాడు చేస్తున్ననని ఆ సారుకు చెప్పకు, తిడ్తడు."

చక్కెర కనపడలేదు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఆనవాళ్లు పోవడానికే కడుగుతోందేమో అనుకున్నాను.

ఆ పూటే మిషన్ మళ్లీ ఆగింది. పటాన్‌చెరు నుంచి మెకానిక్ భీమశంకరం వచ్చాడు. చోక్ లాగి తాడు గుంజితే ఇంజను కాస్త దగ్గి ఆగిపోతోంది. ప్లగ్ తీసి చూశాడు, నిప్పురవ్వ బాగానే వస్తోంది. ఎయిర్ ఫిల్టర్ దులిపాడు, ఫలితం లేదు. అప్పుడు కార్బురేటర్ అడుగున ఉండే చిన్న గిన్నె విప్పి, అందులోది ఒక గాజు సీసాలోకి వంచాడు. పైన పెట్రోలు తేలింది. అడుగున నీటిబొట్లు గోలీల్లా దొర్లాయి.

"చక్కెర కాదండీ, నీళ్లు. పోయినసారీ ఇదే. పెట్రోలు పీల్చే జెట్టు రంధ్రంలో నీటిబొట్టు అడ్డం పడితే అది పైకి రాదు. నేను తుడిచి వెళ్తున్నాను, మళ్లీ వస్తున్నాయి. ఎక్కణ్నుంచండీ?"

ప్రభాకర్ ఆగమ్మ వైపు తిరిగాడు. "నీళ్లు కలుపుతున్నవా? నడువు గేటు దిక్కు."

"నా పిల్లల మీద ఒట్టు సారు, నేనేం కలపలే," అంది ఆగమ్మ.

"డబ్బా కడుగుతది," అన్నాను నేను. ఆ మాట ఆమెను ఇరికిస్తుందో విడిపిస్తుందో నాకు తెలియదు.

భీమశంకరం డబ్బా తెప్పించి, మిగిలిన పెట్రోలు వేరే దాంట్లోకి వంచాడు. మామూలుగా కడిగి బోర్లించాడు. కాసేపటికి చుక్కలు ఆగిపోయాయి. అప్పుడు నిలబెట్టి, పిడి మీద తట్టి, పక్కకు వంచాడు. మూతిలోంచి నీళ్లు బొటబొటా కారాయి.

"పిడి లోపల బోలుగా ఉంటుందండీ. బోర్లిస్తే నీళ్లు అందులోకి దిగి కూర్చుంటాయి. నిలబెడితే మళ్లీ డబ్బాలోకే."

"కడగమని నీకెవరు చెప్పిన్రు?" అన్నాడు ప్రభాకర్.

"మందుల కంపెనీ నుంచి వచ్చిన డబ్బా సారు! ఎంత కడిగినా మందు వాసన పోతలేదు, కడగకుంట ఎట్ల వాడుతం? మీ ఇంట్ల నీళ్ల డ్రమ్ము కడగకుంటనే పెట్టుకున్నరా?"

మా వైపు ఇళ్ల ముందున్న డ్రమ్ముల్లో చాలావరకు ఏదో ఒక ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే. వాసన పోయేదాకా కడగనిదే ఎవరూ చుక్క నీళ్లు పట్టరు.

"కొత్త డబ్బా తెప్పిస్త. ఇగ దాన్ని కడగకు," అని ప్రభాకర్ గొణిగి వెళ్లిపోయాడు. ఆగమ్మ పని నిలబడింది.

మా వరుసలో మాత్రం ఇప్పుడు చక్కెర బదులు నీళ్లు కలిపిందని చెప్పుకుంటున్నారు. మిషన్ ఆగిన ప్రతిసారీ, తన పనితో పాటు, మిగిలిన గడ్డిని కొడవలితో కోయాల్సి వచ్చింది ఆగమ్మకే. ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు.