పులిచింతాకు తిన్న నోరు

మా ఫ్లాటు బాల్కనీలో ఒకే కుండీలో రెండు మొక్కలు కాపురం చేస్తున్నాయి. ఒకటి ఊదారంగుది, నర్సరీవాడు దానికేదో నోరు తిరగని పేరు చెప్పి, ఎండ తగలనివ్వకండి మేడమ్, నీళ్లు ఎక్కువ పొయ్యకండి మేడమ్ అని పసిపిల్లని అప్పగించినట్టు అప్పగించాడు. మూడేసి ఆకులు పొద్దున్నే విప్పుకుని సాయంత్రానికి ముడుచుకుంటాయి, ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఫోన్ తీసి దానికి ఫొటో తీస్తారు. రెండోది దాని మొదట్లో నేలబారుగా పాకే పచ్చ మొక్క, బియ్యపుగింజంత మొగ్గలు, పసుప్పచ్చ పూలు, మా పనావిడ కలుపనుకుని పీకబోతే నేను కసురుకుంటాను. అది పులిచింత. మీరూ చూసే ఉంటారు, కుళాయి పక్కన, గోడ పగుళ్లలో. రెండూ ఒక జాతివేనట, ఆకులు చూస్తే తెలిసిపోతుంది, కానీ ఒకటి కొట్లోంచి వచ్చింది, ఒకటి నా కొంగులో వచ్చింది. మొన్న సాయంత్రం ఆ పచ్చదాన్లోంచి ఓ రెబ్బ తుంచి, నలిపి వాసన చూసి నోట్లో వేసుకున్నాను. పళ్లు జిల్లుమన్నాయి. ఆ పులుపు వెంట నాకొక సిగ్గు వస్తుంది, నలభై అయిదు దాటినా అది తగ్గలేదు.

మాది అరకులోయలో, శుక్రవారం సంతకి తెల్లారకముందే బయల్దేరి నడవాల్సిన కొండమీది గూడెం. తాత ఊరిపెద్ద. ఆయన మాటంటే మాటే, ఆయన మనవరాలినని నాకూ కొంచెం పొగరు ఉండేది, ఉండేదేమిటి, చాలానే ఉండేది. నా జోడీ సుక్రి. శుక్రవారం పుట్టిందని సుక్రి. తండ్రి లేడు, తల్లి కాఫీ తోటల్లో పళ్లు కోసేది, ఆ పని లేనప్పుడు అడ్డాకుల విస్తళ్లు కుట్టేది. మేమిద్దరం మా మేకల్నీ, వాళ్ల రెండు మేకల్నీ కలిపి తోలుకుని వాగు దాటి రాతిబండ దాకా వెళ్లేవాళ్లం, వెంట ఆనపకాయ బుర్రలో చోడి అంబలి, అదే రాగిజావ, ఆకులో మడిచిన ఉప్పూ మిరపకాయా.

ఆ బండ నీడన, తేమ ఆరని చోట, పులిచింత చాపలాగా పరుచుకుని ఉండేది. మాకు కూరా అదే, ఆటా అదే, గడియారం కూడా అదే. ఆకు కోసి ఉప్పూ మిరపకాయా వేసి రాతిమీద నూరితే అంబలికి అంతకు మించిన నంజు లేదు. బెండకాయ పిందెల్లా నిక్కి ఉండే దాని కాయల్ని వేలితో తాకితే చిటుక్కున పేలి గింజలు మొహానికి కొట్టేవి, ఎవరి కాయ గింజ దూరం పోతే వాళ్లు గెలిచినట్టు, ఓడినవాళ్లు మేకల్ని మళ్లించుకు రావాలి; నేను ఓడినా సుక్రే వెళ్లేది, అప్పుడు అది నాకు మామూలుగానే అనిపించేది. పొద్దు వాలుతుంటే ఆకులు కిందికి ముడుచుకునేవి, సుక్రి వంగి చూసి, ఆకు మడిసింది, బేగి పద అనేది, అంతే, కొండ వెనక్కి సూర్యుడు పోకముందే ఇంటికి చేరేవాళ్లం. మా నానమ్మకి మాత్రం ఆ ఆకు తోముకోడానికి. ఒళ్లో గుప్పెడు పోసుకుని కాళ్ల ఇత్తడి కడియాల్ని రుద్దుతూ కూర్చునేది, కిలుము పోయి తళతళలాడేవి, నీ మొగుడు కూడా వీటికేసి నువ్వు చూసినంత ముద్దుగా చూసుండడే అని పక్కింటి ముసలమ్మ ఆటపట్టిస్తే నానమ్మ నోటినిండా పొగాకుతో నవ్వేది.

చైత్రంలో ఆ ఆకు విలువ ఇంకా పెరిగేది. ఎందుకంటే మా ఊళ్లో మామిడి కొత్త అయ్యేదాకా ఎవరూ మామిడికాయ ముట్టరు. చెట్టునిండా కాయ వేలాడుతున్నా సరే, ముందు అమ్మోరికి పెట్టి, పండగ చేసి, ఆ తరవాతే మనిషి నోట్లోకి. పండగ రోజు ఎప్పుడో దిసారి చెప్పాలి. దిసారంటే మా ఊళ్లో మంచీ చెడ్డా రోజులు చూసే పెద్దాయన. ఆయన నక్షత్రాలు చూసుకుంటూ కూర్చుంటే, కింద పిల్లలం కాయలు చూసుకుంటూ కూర్చునేవాళ్లం. ఆ రోజుల్లో నాలుక పులుపు కోరితే పులిచింతే దిక్కు.

నాకు తొమ్మిదేళ్లు. సుక్రికీ అంతే. ఆ మధ్యాహ్నం గాలి విసిరి, మా ముందే ఒక మామిడికాయ దభీమని బండమీద పడి బీటలు వారింది. ఆ వాసన ఇప్పటికీ చెప్పగలను. సుక్రి గుప్పిట్లో పులిచింతాకు ఉంది. నేను కాయ తీశాను. కొత్త అవనేదే, తినకూడదే అంది. పడిపోయిన కాయకి కొత్తేంటి పాతేంటి అన్నాను, కొరికాను. అది నా చెయ్యి పట్టుకు లాగలేదు, అరవలేదు, ఒక్కసారి నా మొహంకేసి చూసి గిరుక్కున అటు తిరిగి కూచుంది.

"నాను సూడనేదు. బేగి తినీసి పారీ."

ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పకుండా నన్ను కాయడానికి అది కనుక్కున్న దారి అది. నేను సగం తిని, మిగతాది తుప్పల్లోకి విసిరేసి, మూతి తుడుచుకున్నాను. సుక్రి తన ఆకు తను నవులుకుంటూ ఉండిపోయింది.

మర్నాడు వడగళ్లు పడ్డాయి. అంత పెద్దవి అంతకుముందు నేను చూడలేదు, చెట్ల కింద కాయలు పరుపులా రాలిపోయాయి, నాలుగిళ్ల పెంకులు పగిలాయి, ఒక దూడ చచ్చిపోయింది. ఎవరో కొత్త కాకముందే కాయ ముట్టారు, అమ్మోరికి కోపం వచ్చింది అన్నారు ఊళ్లో. ఆ మరుసటి రోజు దిసారి బండ దగ్గర నేను విసిరేసిన కాయ పట్టుకొచ్చాడు, చిన్నపిల్లల పళ్ల గుర్తులతో. అక్కడ మేకలు కాసేది ఇద్దరమే.

విచారణకి పిలుపు వచ్చేలోగా నానమ్మ నన్ను వంటింటి మూలకి లాక్కెళ్లి గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పింది. మామిడి సొన తగిలి నా పెదవి మూల కాలి నల్లబడి ఉంది. ఆవిడకి చెప్పక్కర్లేదు, చూడగానే తెలిసిపోయింది. ఆముదంలో పసుపు కలిపి పెదవికి రాసి వాకిట్లోకి వచ్చి అందరికీ వినపడేలాగ, పులిచింతాకు అదేపనిగా నవిలి నవిలి మా గుంట నోరు పొక్కబెట్టుకుంది సూడండి అంది. అందరూ నమ్మారు. ఊరిపెద్ద భార్య చెప్పింది మరి.

సుక్రి నోటి మూలలు కూడా పగిలి ఉన్నాయి. దానికి ఎండాకాలం ఎప్పుడూ అంతే, తిండి చాలక అని నాకిప్పుడు తెలుస్తోంది. అమ్మోరి రాళ్ల ముందు తాత దాన్ని నిలబెట్టి నోరు ఎందుకలా ఉందని అడిగాడు. అది చెప్పింది.

"పులిచింతాకే తిన్నాను తాతా. ఇంకేటీ తిన్నేదు."

ఎవరూ నమ్మలేదు. ఒకే ఆకు, ఒకే మాట. నా తరఫున అబద్ధమై వచ్చినప్పుడు నిజమైంది, దాని నోట నిజమై వచ్చినప్పుడు అబద్ధమైంది. తాత నా వైపు తిరిగి, పక్కనే ఉన్నావు కదే, అది ఏటి తిందో నువ్వు సెప్పు అన్నాడు. నానమ్మ కడియాలు నా పక్కనే ఉన్నాయి, వాటికేసే చూస్తూ చెప్పాను.

"నాను సూడనేదు తాతా."

దాని మాటే. నన్ను కాయడానికి అది అన్న మాటనే తీసి దాని మీద వేశాను. సుక్రి నా వైపు చూసింది.

తప్పుకి ఒక కోడి అని తేల్చారు. వాళ్లకున్నది ఒకటే నల్ల పెట్ట, బుట్టలో గుడ్ల మీద కూచుని ఉంది. దాన్ని ఎత్తుకు వస్తుంటే సుక్రి తల్లి గుడ్ల మీద చిరుగు గోనె కప్పింది, ఆ వేడి చాలుతుందేమోనని. చాలలేదు. కోడిని కోసి, వండి, అడ్డాకుల్లో ఇంటింటికీ ప్రసాదం పంచారు. పెద్దింటివాళ్లమని మాకు కార్జం వచ్చింది, తాత దాన్ని నా ఆకులో వేశాడు. తిన్నాను. రుచిగానే ఉంది, అదే ఇంకా ఘోరం. ఎన్నో తిన్నాను ఈ జన్మలో, ఆ ముక్క మాత్రం ఇంకా దిగలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. జూన్‌లో మేమిద్దరం ఆశ్రమ పాఠశాలకి వెళ్లాలి, పేర్లు రాయించారు, హాస్టల్లో మంచాలు పక్కపక్కన వేసుకుందామని అనుకున్నాం కూడా. అమ్మోరికి కోపం వచ్చిన పిల్లని కంటికి కనపడని చోటికి ఎలా పంపుతాను, అక్కడ ఏమైనా అయితే ఎవరు మొక్కుతారు అని వాళ్లమ్మ పంపలేదు. మాస్టారు రెండుసార్లు కొండెక్కి వచ్చి అడిగినా ఒప్పుకోలేదు. ఆ ఏడాది ఒక్కటే అనుకున్నారు, ఆ తరవాత మేకలు పెరిగాయి, పని పెరిగింది, సుక్రి ఇక ఎప్పుడూ బడి గడప తొక్కలేదు. నేను రేకు పెట్టె పట్టుకుని కొండ దిగుతున్న రోజు అది బండమీద నిలబడి చెయ్యి ఊపింది. నేను చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది, విజయనగరం వైపు సంబంధం కుదిరింది. తాత, నానమ్మ పోయాక ఊరికి వెళ్లడం తగ్గించాను. దూరం అని అందరికీ చెప్పేదాన్ని.

రెండేళ్ల కిందట, లోయంతా పసుప్పచ్చగా పూసే వలిసె పూల కాలంలో మా ఆయన ఆఫీసువాళ్లు నాలుగు కుటుంబాలు కలిసి అరకు టూరు పెట్టారు. నా లోయకి నేనే టూరిస్టుగా వెళ్లి రిసార్టులో దిగాను. గుమ్మం పొడవునా ఈ ఊదా మొక్కల కుండీలే. ఒకామె గొంతుక్కూచుని ఆ కుండీల్లోంచి పచ్చ పులిచింతని ఏరి పీకుతోంది, మేనేజరు చెప్పిన పని. పీకినదాన్ని పారెయ్యకుండా ఒళ్లో వేసుకుంటోంది. నేను ఆగాను. ఆమె తలెత్తి, కమలవేనా అంది. నోటి మూల పాత మచ్చ.

పక్కన కూలబడ్డాను. ఎలా ఉన్నావు, పిల్లలెంతమంది అని ఏదేదో అడిగి, చివరికి సుక్రీ, ఆ మామిడికాయ అని మొదలుపెట్టాను. అది నవ్వింది.

"మా పెట్టని కోసినప్పుడు నాను మనసులో నీ పేరే సెప్పీసినాను అమ్మోరికి. కాయ తిన్నది నువ్వు కదా, నీకేటైనా అయితే ఎవులు సూత్తారని. నీకేటీ అవనేదు కదా?"

ఏమీ అవలేదు. బంగారంలా ఉన్నాను. అదే చెబుదామనుకుంటుంటే వెనక నుంచి మా అమ్మాయి వచ్చింది, దాని వెనకే మా ఆయన ఆఫీసువాళ్ల భార్యలు, కళ్లద్దాలు నెత్తిమీద పెట్టుకుని. అమ్మా, ఎవరావిడ, నిన్ను పేరుపెట్టి పిలుస్తోంది అంది. నాకు రెండు క్షణాలు దొరికాయి. ఆ రెండు క్షణాలూ నేను ఆ కళ్లద్దాలకేసి చూశాను.

"ఇక్కడ పనిచేస్తుందమ్మా. మొక్కల గురించి అడుగుతున్నాను."

సుక్రి విన్నది. ఒళ్లోని పులిచింత గుప్పెడు తీసి, వేర్లతో సహా, నా కొంగులో పోసింది. తీసుకెల్లండి మేడమ్, పచ్చడి బాగుంటది అంది. మళ్లీ నన్ను కాసింది. లేచి పక్క కుండీ దగ్గరికి వెళ్లిపోయింది.

ఇప్పుడు మా గూడెంలో కూడా మాఘంలోనే మైదానం నుంచి ఆటోల్లో మామిడికాయలు దిగిపోతున్నాయట, కొత్త దాకా ఆగే పిల్లలు లేరట. బండ దగ్గర రాయి కొట్టేశారు, వాగుకి సిమెంటు కట్టారు. దిసారి మాటకి ఊరంతా నోరు కట్టుకుని కూచునే చైత్రం ఇక రాదు. రాకపోయినా, నేను ఒక్కదాన్ని ఒక్కరోజు కట్టుకోలేకపోయానే అన్నది మిగిలింది.

మొన్న ఆ రెబ్బ నోట్లో వేసుకుని నిలబడిపోతే మా అమ్మాయి చూసి, ఏమైందమ్మా, ఆ కలుపు మీద నీకంత ప్రేమేంటి అంది. చెప్పేశాను. బండ, గాలి, కాయ, నానమ్మ ఆముదం, నల్ల పెట్ట, నా ఆకులో పడిన కార్జం, అన్నీ చెప్పాను, అది నా భుజమ్మీద చెయ్యి వేసి వింది. చిన్నపిల్లవి కదమ్మా అప్పుడు అంది. ఆ తరవాత ఆమె ఏమైందని అడిగింది. రిసార్టులో కలిసిందని చెప్పి ఆగిపోయాను. దానికి గుర్తొచ్చింది. భుజమ్మీద చెయ్యి తీసేసింది.

"ఆవిడేనా?"

అవునన్నాను. బాల్కనీలో చీకటి పడుతోంది, కుండీలో రెండు మొక్కలూ ఆకులు ముడుచుకున్నాయి. అది వాటికేసే చూస్తూ నిలబడింది, నా వైపు చూడలేదు.