దక్షిణం నుంచి కొట్టుకొచ్చిన పడవ

నా చిన్నప్పుడు, పదేళ్ళ వయసులో, ఊరంతా వినబడేలా ఒక మాట అరిచాను. ఆ మాట నిజం కాదు. అరిచేటప్పుడు నాకా సంగతి తెలియదు.

మాది యానానికి దిగువన, గోదావరి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గరి ఊరు. అన్నీ వేటకు వెళ్ళే ఇళ్ళే. మా గోడను ఆనుకుని పక్కింటి అక్క ఇల్లు ఉండేది. సొంత అక్క కాదు గాని నాకు తల దువ్వి జడ వేసేది, ఎక్కాలు అప్పజెప్పించుకునేది ఆమే. అందుకే ఆమె భర్తను బావ అనేదాన్ని. ఒక పెద్ద తుఫానుకు ముందు రోజు బావ మరో ఇద్దరితో కలిసి వేటకు వెళ్ళాడు. ముగ్గురూ తిరిగి రాలేదు. పడవ చెక్కముక్క కూడా దొరకలేదు. మిగతా ఇద్దరి ఇళ్ళలో కర్మలు జరిపించేశారు. అక్క మాత్రం ఒప్పుకోలేదు. మనిషి పోయాడని ఎవరు చూశారని అడిగింది. ఏడాదిన్నర దాటినా బొట్టు, గాజులు తీయలేదు. ఆ పట్టుదల చూడలేక అత్తగారు ఆమెతో మాట్లాడడమే మానేసింది.

బావ లుంగీ, గళ్ళ చొక్కా ఉతికి మడతపెట్టి ట్రంకుపెట్టెలో దాచుకుంది అక్క. ఒకసారి నేను ఆ పెట్టె మూత తీస్తే, ఏనాడూ నన్ను కసరని మనిషి, రెక్క పట్టుకుని అవతలికి లాగేసింది.

ఆ రోజు వేసవి సెలవులు. మిట్టమధ్యాహ్నం. ఇసుక కాలిపోతోంది. ఒడ్డున బోర్లించిన ఒక పాత పడవ నీడలో ఒక్కదాన్నే కూర్చుని గవ్వలు ఏరుకుంటున్నాను. పోటు మీద ఒక పడవ మొగలోకి వస్తూ కనిపించింది. అది మా పడవలు వచ్చే వేళ కాదు. రెండు తెడ్లు నిలబెట్టి వాటికి నీలం టార్పాలిను పరదా కట్టి తెరచాపలా చేశారు. వెనక ఒకే ఒక్క మనిషి. తలకు ఎర్ర తువ్వాలు, ఎడమ భుజం కొంచెం కిందికి వాల్చి నిలబడ్డాడు. బావ అచ్చం అలాగే నిలబడేవాడు.

ఇంకేమీ చూడలేదు నేను. వీధిలోకి పరుగెత్తాను.

"అక్కా! బావ వచ్చేడే! బావ వచ్చేడు!"

అక్క చేపలు శుభ్రం చేస్తోంది. చేతులకు పొలుసులు అంటుకునే ఉన్నాయి, కాళ్ళకు చెప్పులు లేవు, ఆ ఇసుకలో అలాగే పరుగెత్తింది. మోకాళ్ళ నొప్పులతో గుమ్మం దాటని అత్తగారు కూడా లేచి వచ్చేసింది. వెనక వీధి వీధంతా. అక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే నా వేళ్ళు నొప్పెట్టాయి. ఆ నొప్పికి కూడా నవ్వుతూనే పరుగెత్తాను.

పడవ దగ్గరికి వచ్చింది. గడ్డం తెల్లగా ఉంది. పెదవులు పగిలి నెత్తురు గడ్డకట్టింది. ముఖం మీద తోలు ఊడిపోతోంది. యాభై ఏళ్ళుంటాయేమో. మేమెవరమూ ఎన్నడూ చూడని మనిషి.

అత్తగారు ఇసుకలో కూలబడిపోయింది. ఏడవలేదు. అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. అక్క నా చెయ్యి వదిలేసింది. ఏం చేశానో అప్పటికి నాకు అర్థమైంది. అక్క నన్ను కొడితే బాగుండుననిపించింది. ఆమె నన్ను చూడనైనా చూడలేదు.

పడవ ఇసుక మేటకు తగిలి ఆగిపోయింది. తన మీదికే పరుగెత్తుకొచ్చిన అంతమందిని చూసి ఆ మనిషి బెదిరిపోయినట్టున్నాడు. రెండు చేతులూ జోడించి అరవంలో ఏదో అన్నాడు. మా మగవాళ్ళెవరూ ముందుకు కదలలేదు. అవతలి రాష్ట్రం పడవలు వచ్చి మా వలలు తెంపేస్తున్నాయని అప్పట్లో అందరికీ కోపంగా ఉండేది. ముందు పోలీసులకు చెప్పి, తర్వాతే దింపుదామన్నారు ఒకరు.

అక్క నీళ్ళలోకి దిగింది. నడుము లోతు వరకూ వెళ్ళి చెయ్యి చాచింది.

"తాడు ఇటు ఇయ్యి అన్నయ్యా" అంది.

ఆయనకు తెలుగు తెలియకపోయినా ఆ చెయ్యి తెలిసింది. తాడు విసిరాడు. దాన్ని భుజం మీదుగా వేసుకుని అక్క ఒక్కతే లాగడం మొదలుపెట్టింది. అప్పుడు కదిలారు మగవాళ్ళు.

ఒడ్డున ఆయన నిలబడలేకపోతే ఇద్దరు మోసుకొచ్చి అక్క అరుగు మీద పడుకోబెట్టారు. వయసులో ఉన్నప్పుడు మద్రాసు రేవులో పనిచేసిన మా తాతయ్యకు అరవం వచ్చు. ఆయనే అడిగి చెప్పాడు. ఆ మనిషి దగ్గర్లో వేసిన వల తీద్దామని ఒక్కడే బయలుదేరాడట. ఇంజను ఆగిపోయింది. దక్షిణపు గాలి, నీటి ఒరవడి కలిసి తొమ్మిది రోజులు ఉత్తరానికి లాక్కొచ్చాయి. వాన నీళ్ళు పట్టుకుని తాగాడు, పచ్చి చేపలు తిన్నాడు. కళ్ళు తెరిచాక ఆయన ఏ ఊరని అడగలేదు. ఇది ఏ దేశమని అడిగాడు.

అక్క లోపలికి వెళ్ళింది. పెట్టె మూత చప్పుడైంది. లుంగీ, గళ్ళ చొక్కా తెచ్చి తాతయ్య చేతిలో పెట్టింది. నన్ను ముట్టనివ్వని బట్టలవి.

"అవి నా కొడుకువే!" అంది అత్తగారు.

"అవునత్తా. ఈయన బట్టలు చూడు, ఒంటికి అంటుకుపోయేయి" అంది అక్క.

ఎన్నో నెలల తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలవి. అత్తగారు కాసేపు ఆ చొక్కా వంక చూసింది. తర్వాత గోడ పట్టుకుని లేచి, అక్క చేతిలోని గంజి గిన్నె అందుకుంది. ఆయన తల కింద చెయ్యిపెట్టి, కొంచెం కొంచెంగా తనే తాగించింది.

నేను మా ఇంటి వెనక నీళ్ళ తొట్టి చాటున దాక్కున్నాను. అక్క వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది. నేను ఏడుస్తూ మోకాళ్ళలో తల దూర్చుకున్నాను.

"ఎందుకే ఏడుస్తావు? వచ్చింది బావేనే. మన బావ కాదు, అంతే. ఆళ్ళ ఊళ్ళో నీలాంటి పిల్ల ఒకత్తి ఈయన కోసం ఒడ్డున చూస్తా ఉండదా?"

సాయంత్రం ఎస్టీడీ బూతు నుంచి, ఆయన గుర్తుపెట్టుకున్న ఒక కొట్టు నంబరుకు తాతయ్య ఫోను కలిపించాడు. కొట్టువాళ్ళు ఆయన భార్యను పిలుచుకొచ్చారు. ఆవిడ పెట్టిన కేక బూతు బయట నిలబడ్డ మాకు కూడా వినిపించింది. అక్క కళ్ళు మూసుకుని ఆ కేక వింది. మూడో రోజు ఆయన తమ్ముడు వచ్చి తీసుకెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఆయన ఒంటి మీద బావ చొక్కాయే ఉంది. అత్తగారి కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

బావ రాలేదు. మరుసటి ఏడాది అక్క తనంతట తానే కర్మ చేయిద్దామంది.

ఎన్నో ఏళ్ళ తర్వాత, నా పెళ్ళైపోయాక, ఒకసారి ఊరికి వెళ్ళినప్పుడు ఆ రోజు సంగతి ఎత్తి క్షమించమని అడిగాను. అక్క విస్తుపోయింది.

"నువ్వు అరిచిన కాణ్ణుంచి నేను నీళ్ళ దాకా వచ్చేవరకూ మీ బావ బతికే ఉన్నాడే. ఆ కాసేపు నిజంగా వచ్చేసేడు నాకు. దానికి క్షమాపణ ఏంటి?" అంది.

ఇప్పుడు నా తలా నెరుస్తోంది. పెద్దాసుపత్రిలో నర్సుని. పేరూ ఊరూ తెలియని మనుషుల్ని మా వార్డుకు తెస్తుంటారు. తమవాళ్ళేమోనని ఎక్కడెక్కడి నుంచో జనం పరుగెత్తుకొస్తారు. ముఖం చూస్తారు, కాదని తెలిసి అక్కడే కూలబడిపోతారు. కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాను. వాళ్ళలో కొందరు వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, మంచం మీది మనిషిని చూపించి, "ఈయన కోసం ఎవరైనా వచ్చేరా అండి?" అని అడుగుతారు.

"ఇంకా రాలేదండి. వచ్చేదాకా మేమే" అంటాను.