మైకు ఆగాక గురూజీ అన్న మాట

ఈ ఉదయం మా వలస నేతగాళ్ల పేట కుంఠా నాకాలో కరెంటు పోయి సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మరమగ్గాలను మేము అలాగే అంటాం. కొత్తవాళ్లు హమ్మయ్య అనుకుంటారు గాని, ఆ నిశ్శబ్దంలో నాకు కాలు ఒకచోట నిలవదు. గురూజీ పెదవులు కళ్ల ముందు కదులుతాయి.

ఆయన మా తెలుగు బడిలో చరిత్ర చెప్పేవారు. ఏడో తరగతిలో నన్ను బడి మాన్పించి కండెలు చుట్టే పనిలో పెడుతున్నారని విని, నేరుగా అమ్మ పనిచేసే కార్ఖానాకే వచ్చారు. ఆ మోతలో గొంతు చించుకున్నారు. అమ్మ నవ్వి ఆయన చెవి దగ్గర చెప్పింది: "ఒర్రకుండ్రి గురూజీ. పెదవులు మెల్లగ కదిలియ్యుండ్రి, సాలు. మేమందరం గట్లనే మాట్లాడుకుంటం." ఆయన బుద్ధిగా నోరు సాగదీసి, చప్పుడు లేకుండా ఏదో అన్నారు. పక్కనే ఉన్న నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అమ్మకు అయింది. మర్నాడు నేను బడిలో ఉన్నాను. చదివి టీచరునయ్యాను గాని, ఆ పెదవుల చదువు మాత్రం నాకు అబ్బలేదు.

గురూజీ లోక్‌సభకు నిలబడినప్పుడు ఇంటింటికీ తిరిగాను. నూలు ధూళితో దగ్గేవాళ్లకు దవాఖానా కావాలని దిల్లీలో అడుగుతారని, ఆయన్ని అడగకుండానే ఆయన తరఫున మాట ఇచ్చేశాను. తరువాత భయపడుతూ చెబితే, "ఇచ్చినవ్ గద, ఇగ తప్పదు" అన్నారు.

గెలిచారు. రెండేళ్లయినా ఆ ఊసు లేదు. "ఏంది మేడం, మీ గురూజీ దిల్లీల మౌనవ్రతం పట్టిండా?" అని ఎదురింటి యాదగిరి మామ రోజూ అడిగేవాడు. ఇంట్లో అమ్మ ఏమీ అడిగేది కాదు, దగ్గేది.

ఒక మధ్యాహ్నం ఆయన లోక్‌సభలో మాట్లాడటానికి లేవడం టీవీలో చూశాం. మా గదిలో పదిమందిమి. నూలు ధర, కరెంటు బిల్లు అయ్యేసరికి గడువు ముగిసి మైకు ఆగింది. నేను తల దించుకున్నాను. ఆయన కూర్చోలేదట. ఎవరో మోచేత్తో పొడిస్తే చూశాను. పెదవులు మెల్లగా, సాగుతూ కదులుతున్నాయి. అమ్మ టీవీ దగ్గరికి జరిగి పైకి చదివింది: "సాంచెల కాడి దగ్గుకు దవాఖాన కావాలె. మాటిచ్చిన." ఆ తరువాత యాదగిరి మామ మౌనవ్రతం పట్టాడు.

సభ రికార్డులో ఆ వాక్యం లేదు. దవాఖానా రాలేదు. నేను అడిగే ధైర్యం చేసేలోపే గురూజీ పోయారు. ఆయన నిజంగా అన్నారా, నా పరువు కోసం అమ్మే అల్లిందా? నేతింటి మనిషికి అల్లడం రాదని ఎలా అనను? అమ్మను అడిగితే దగ్గు మధ్యలో, "నీకు చదువొచ్చు గద, చదువుకో" అంటుంది.

అన్నది ఎవరైనా, మాట మొదట ఇచ్చింది నేనే. దవాఖానా కావాలన్న అర్జీ ఇప్పుడు నా సంచిలోనే ఉంటుంది, నా పేరుతో. కలెక్టరు కచేరీలో నేను గొంతు పెంచను. గుమాస్తా తలెత్తి నా పెదవుల వైపు చూసేదాకా, ఒక్కో మాటా సాగదీసి, మళ్లీ మొదటినుంచి చెబుతాను.