నా చార్టులో పట్టని పోచమ్మ

మతాలన్నిటినీ మూడు గడుల్లో సర్దేసిన మొనగాణ్ణి నేను. మొదటి గడిలో చెట్టుకూ పుట్టకూ రాయికీ మొక్కేవాళ్ళు, రెండోదాంట్లో పదిమంది దేవుళ్ళున్నవాళ్ళు, మూడోదాంట్లో దేవుడొక్కడే అనేవాళ్ళు. మధ్యలో బాణం గుర్తులు. ఎనభైల చివర హైదరాబాదులో ఒక కాలేజీలో చరిత్ర చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. చార్టు చూసి మా గైడు, "ఇదంతా పుస్తకాల్లోది. నీ కళ్ళతో చూసిందొక్కటైనా లేకుండా నాలుగో అధ్యాయం నా దగ్గరికి తేవద్దు" అన్నారు. పసుపు పండే చోట పాత మొక్కులు ఇంకా బతికే ఉంటాయని ఎవరో చెబితే ఆర్మూరు బయలుదేరాను.

ఫిబ్రవరి నెల. గౌలిగూడ బస్టాండులో పొద్దున ఆరింటి బస్సు. ముప్పై రూపాయలిస్తే చిల్లర తిరిగొచ్చింది. పక్క సీట్లో ఖాదర్ భాయ్ కూర్చున్నాడు (పేర్లన్నీ మార్చాను). ఆర్మూరులో ఆయనకు పసుపు అడ్తి దుకాణం ఉంది. రైతులు తెచ్చిన పసుపు అమ్మించి కమిషన్ తీసుకుంటాడు. ఆయన పేరు వినగానే మూడో గడిలో వేసేశాను. ఇందల్వాయి దగ్గర నా పని గురించి అడిగి తెలుసుకున్నాడు.

"గంతేనా సార్? మాకు పసుపు దెచ్చే ఆసామి లసుమవ్వ చేన్ల ఉన్నది పోచమ్మ. పసుపు ఉడకవెట్టే దినం నేను గూడ కొబ్బరికాయ గొడ్త."

"మీరా?"

"రంగు మంచిగ రావాలె గద సార్."

నా చార్టులో దీనికి గడి లేదు. తప్పు ఖాదర్ భాయ్‌దేనని తేల్చుకున్నాను.

పదకొండున్నరకు ఆర్మూరులో దిగాను. బస్టాండు ఎదుటే లాడ్జి దొరికింది. దిండు గలీబు పచ్చగా ఉంటే ఇది మార్కెట్ యార్డు ధూళి అన్నాడు లాడ్జివాడు, ఉతకలేదన్నాను నేను. ఇద్దరిదీ నిజమే. భోజనం అన్నం, పచ్చిపులుసు. మర్నాడు ఏడింటికి ఖాదర్ భాయ్ తన స్కూటర్ మీద ఏర్గట్ల వైపు తీసుకెళ్ళాడు. ఊరి పేరు మాత్రం అడగకండి.

చేనులో పెద్ద కడాయి కింద మంట భగభగమంటోంది. లసుమవ్వ కొడుకులిద్దరూ పసుపు కొమ్ములు ఉడకబెడుతున్నారు. ఖాదర్ భాయ్ అటు వెళ్ళాడు. నేను గట్టు మీద రాయి దగ్గర ఆగిపోయాను. మోకాలెత్తు రాయి, నిండా పసుపు, మూడు కుంకుమ బొట్లు, వేపమండలు. నోట్‌బుక్కు తీసి శిలారాధన గురించి మూడు పేజీలు బరికాను. వేల ఏళ్ళ నాటిదని కూడా రాశాను. రాళ్ళ వయసు నాకు చూపుతోనే తెలుస్తుంది మరి. అంతటితో ఊరుకోక, అడుగున చెక్కడం ఏమైనా ఉందేమోనని పుల్లతో మట్టి పెళ్ళగించాను. రాయి జానెడు పక్కకు ఒరిగింది.

"జర ఆగు సారూ, ఏం తవ్వుతున్నవ్?" లసుమవ్వ చేతిలో నీళ్ళ చెంబుతో నా వెనకే ఉంది.

"ఈ అమ్మవారు ఎన్ని తరాల కిందట వెలిసిందవ్వా?"

ఆమె కొడుకుల వైపు చూసి గొంతు తగ్గించింది. "తరాలా? నిరుడు. నేనే వెలయించిన."

ఎందుకని అడిగాను.

"మా ముసలాయన పోయినంక ఇద్దరు భూమి పంచుకున్నరు. గిది హద్దురాయి. పెద్దోడు మూరెడు అటు జరుపుతె, చిన్నోడు మూరెడు ఇటు జరిపిండు. గొడ్డళ్ళ దాక పోయింది. గిట్ల గాదని పసుపు రాసి బొట్టు వెట్టిన. పోచమ్మ కలలకొచ్చింది, కదిలిస్తె కండ్లు పోతయన్నదని చెప్పిన. గప్పటి సంది ఎవడు ముట్టలె."

"మరి నువ్వు నమ్ముతావా అవ్వా?"

"మొదలు నమ్మలె. కని ఇద్దరు ఒక్క కడాయి కాడ కూసున్నరు గద. ఇంకెవలు జేస్తరు సారూ గట్ల?"

ఏడాదిగా ఎవరూ ముట్టని హద్దును చదువుకున్న మూర్ఖుణ్ణి నేను కదిలించాను. ఇద్దరం కలిసి రాయిని పాత గుంతలోకి తోసి, మట్టి తొక్కాం. అంతలో పెద్దకొడుకు వచ్చాడు. కొత్తగా తొక్కిన మట్టి చూశాడు, నన్ను చూశాడు.

"రాయి కాడ ఏం పని సార్?"

లసుమవ్వ పెదవులు పాలిపోయాయి. నేను చెంబు అందుకుని రాయి మీద నీళ్ళు పోశాను. పుట్టి బుద్ధెరిగాక ఏ గుళ్ళోనూ వంగని తలను నేలకానించాను. "మొక్కుకుంటున్నానయ్యా" అన్నాను.

అతను చెప్పులు విడిచి నా పక్కనే చేతులు జోడించాడు. మధ్యాహ్నానికల్లా, హైదరాబాదు సారు మొక్కు తీర్చుకోను వచ్చిండట అని ఊరంతా పాకింది. మతాలు ఎలా వ్యాపిస్తాయో నాలుగేళ్ళు చదివాను. వ్యాపింపజేయడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది.

వచ్చేటప్పుడు లసుమవ్వ, "గిది మాత్రం రాయకు సారూ" అంది. రాయనన్నాను. రెండింటి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మూడు పేజీలూ కొట్టేశాను. ఒక దేవత పుట్టుక కళ్ళారా చూసినవాణ్ణి, దాన్ని వదిలేసి నాలుగో అధ్యాయం మళ్ళీ పుస్తకాల్లోంచే ఎత్తి రాయబోతున్నానని తెలుస్తూనే ఉంది. గైడు ఒప్పుకోక డిగ్రీ రెండేళ్ళు వెనక్కి పోయింది.

లసుమవ్వ పోయి చాలా కాలమైంది కనుక ఇప్పుడు చెబుతున్నాను. మీరు అటు వెళితే అలాంటి రాళ్ళు చాలా కనిపిస్తాయి. ఎన్నేళ్ళ నాటివని అడగకండి. చెంబెడు నీళ్ళు పోసి రండి. ఏ రాయికి రెండు పక్కలా ఎవరున్నారో మనకు తెలియదు.