కింది కండువా మీదికొచ్చిన రోజు

ఆ రోజుల్లో నాకు రాజకీయాలు తెలుసని గట్టి నమ్మకం. మామూలు నమ్మకం కాదు, పొలిటికల్ సైన్సులో ఎం.ఏ. ప్యాసైన నమ్మకం. బిల్లు ఎన్ని మెట్లెక్కితే చట్టమవుతుందో, గవర్నరు ఎక్కడ సంతకం పెడతాడో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. కానీ ఒక ఎమ్మెల్యే పొద్దున్నే లేచి, తానిప్పుడు ఏ పార్టీలో ఉన్నాడో ఎలా గుర్తుపెట్టుకుంటాడన్నది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అది జహీరాబాద్‌లో మా కాలేజీ వార్షికోత్సవం నాడు, స్టేజీ మీద మైకు పట్టుకుని నిలబడి నేర్చుకున్నాను. ఆ ఒక్క పాఠానికి ఉద్యోగమే ఊడేదాకా వచ్చింది.

మాది ఝరాసంగం పక్కన ఒక పల్లె. నాయిన కంది, పత్తి వేసేవాడు. జహీరాబాద్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పే పని దొరికిందంటే, అక్కడి మేనమామ ఇంట్లో ఉండి చేసుకొమ్మన్నాడు గానీ, ఒక్క ఏడాదేనని షరతు పెట్టాడు. ఏడాదిలో పర్మినెంట్ చేస్తే సరే, లేకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి రావాలి. నాకేమో ఇంటికెళ్లాలని లేదు. సొంత జీతం, సొంత కుర్చీ, పిల్లలు లేచి నిలబడి పెట్టే నమస్కారం, వీటి రుచి అప్పుడే తెలిసింది. కానీ మా కాలేజీ కరస్పాండెంట్ సారు ఎవరినైనా పర్మినెంట్ చేయడమంటే సొంత పొలం రాసిచ్చినంత బాధపడేవారు. వార్షికోత్సవం అయ్యాక చూద్దామన్నారు. ఆ వార్షికోత్సవానికి ముఖ్య అతిథి ఎమ్మెల్యే సారు. ఆయన రాజకీయ జీవితాన్ని సభకు పరిచయం చేసే పని నాకు అప్పగించారు. బాగా చెబితే ఉద్యోగం ఉంటుంది, చెడగొడితే ఊరి దారి. ఇదీ సంగతి.

పరిచయానికి కావలసిన సమాచారం ఇంట్లోనే ఉంది. మా మామను ఊరంతా జెండా మామ అంటుంది. ఎమ్మెల్యే సారు మొదటిసారి నిలబడ్డప్పటి నుంచీ ఆయన వెనకాలే తిరుగుతున్న మనిషి. మామ చెప్పిన ప్రకారం, సారు మొదట ఏ పార్టీ లేకుండా నిలబడి ఓడిపోయారు. తరువాత ఒక పార్టీలో చేరి గెలిచారు. (దాన్ని పాత పార్టీ అందాం. అసలు పేర్లూ రంగులూ చెప్పను, మా ఊళ్లో ఇప్పటికీ వాటి మీద తగవులొస్తాయి.) మరోసారి ఆ పార్టీ టికెట్టు ఇవ్వలేదని అలిగి ఇంకో పార్టీ నుంచి నిలబడి ఓడారు. మళ్లీ పాత పార్టీకే వచ్చి గెలిచారు. గెలిచి కొన్నాళ్లు కుదురుగా కూర్చుని, మా వార్షికోత్సవానికి కొద్ది రోజుల ముందే కొత్త పార్టీలో చేరారు.

నేను ఎం.ఏ. చదివినదాన్ని గదా, గెలుపూ ఓటమీ, పార్టీల పేర్లతో సహా అన్నీ వరుసగా రాసుకుని మామకు వినిపించాను. మామ తల పట్టుకున్నాడు. "ఓడిపోయిండని అంటవా కోడలా? అట్ల అనొద్దు. ఆ అయిదేండ్లు ప్రజల నడుమనే ఉన్నరు అనాలె. పార్టీ పేరైతే అసలే ఎత్తకు" అన్నాడు. పార్టీ పేరే లేకుండా ఎమ్మెల్యే చరిత్ర ఎలా చెప్పాలి మామా అంటే, ప్రజాసేవ అను, ఎక్కడ అడ్డమొస్తే అక్కడ ప్రజాసేవ అను అన్నాడు. అలా దిద్దగా దిద్దగా, ఎమ్మెల్యే సారు ఏ పార్టీతోనూ సంబంధం లేకుండా, జీవితంలో ఎన్నడూ ఓడకుండా మిగిలారు. చదువుకుంటే నాకే ఆయన మీద గౌరవం పెరిగింది.

ఇక్కడ మా అత్తమ్మ అలమర గురించి చెప్పాలి. సారు పార్టీ మారినప్పుడల్లా మామకు కండువాలు కట్టలుగా వచ్చేవి. మామ ఒక్కటీ పారేసేవాడు కాదు. సారు ఒకసారి వెళ్లిన చోటికే తిరిగి వచ్చారు గదా, అప్పుడు పాత కండువాలు పనికొచ్చాయట, ఆ అనుభవం. అన్నిటినీ అత్తమ్మ ఉతికి, ఇస్త్రీ చేసి, ఒకే అరలో దొంతరగా పెట్టేది. పద్ధతి ఏమిటంటే, ఇప్పుడున్న పార్టీది మీద, వదిలేసినవి కింద. అత్తమ్మ రంగు చూసేది కాదు, చోటు చూసేది. రంగులు గుర్తుపెట్టుకుంటే పిచ్చిలేస్తుందని ఆమె వాదన. మామ కూడా ఫోన్ చేసి ఏ పార్టీదని చెప్పేవాడు కాదు, మీదున్నది పంపు అనేవాడు. అన్నేళ్లూ ఆ పద్ధతి ఎన్నడూ తప్పలేదు.

వార్షికోత్సవం రోజున మామ పొద్దున్నుంచీ సారు కారు వెనకాలే ఉన్నాడు. కోహీర్‌లో పెళ్లి, చిరాగ్‌పల్లిలో ఏదో ప్రారంభం, ఆ తరువాత మా కాలేజీ. సారు కొత్త పార్టీలో చేరారు కాబట్టి శాలువా ఒక్కటే చాలదు, కొత్త కండువా కూడా కప్పితే ఖుషీ అవుతారు, నా పర్మినెంటు సంగతి కూడా అక్కడే కదిలించొచ్చు అని మామకు దారిలో ఆలోచన వచ్చింది. నాకు ఫోన్ చేసి, అత్తమ్మనడిగి మీదున్నది తెమ్మన్నాడు. అత్తమ్మ మీదున్నది తీసి, ఆటోలో నలగకుండా పేపర్లో చుట్టి ఇచ్చింది. నేను పరిచయం వల్లెవేసుకుంటూ బయలుదేరాను. అంతకుముందు రోజే వాసన వస్తున్నాయని అత్తమ్మ దొంతర మొత్తాన్ని మిద్దె మీద ఎండకేసిన సంగతి నాకు తెలియదు. తెలిసినా ఏం అర్థమయ్యేది, ఏ సిలబస్‌లో ఉంది?

సభ బ్రహ్మాండంగా మొదలైంది. నా పరిచయానికి చప్పట్లు పడ్డాయి. "ప్రజల నడుమనే ఉన్నారు" అన్న చోట సారు కళ్లు కొద్దిగా తడిసినట్టు కూడా అనిపించింది. కరస్పాండెంట్ సారు నేనిచ్చిన పొట్లం విప్పి కండువా కప్పారు. మన సన్మానాల్లో ఒక ఆచారం ఉంది గమనించారా, కప్పేవాడు గానీ కప్పించుకునేవాడు గానీ కప్పే బట్ట వైపు చూడడు. ఇద్దరూ ఫోటోగ్రాఫర్నే చూస్తారు. స్టేజీ మీద ఉన్నవాళ్లంతా అటే చూస్తారు. నేనొక్కదాన్నే, నా కండువా గదా అని మురిపెంగా సారు భుజం వైపు చూశాను. పాత పార్టీది. వదిలేసి పట్టుమని నెల కూడా కాని పార్టీది. స్టేజీ కింద మామ నోరు తెరిచి నిలబడి ఉన్నాడు, అది మూయడం మరిచిపోయాడు.

సారు మైకు ముందుకొచ్చారు. పొద్దున్నుంచీ తిరిగి తిరిగి అలిసిపోయి ఉన్నారు. గొంతు సవరించుకుని, ఒక్కసారి తల వంచి తన భుజం వైపు చూసుకున్నారు. అయిపోయింది, ఇప్పుడు విసిరికొడతారు అనుకున్నాను. ఆయన నిమ్మళంగా తలెత్తి, పాత పార్టీ అధినేతను తలచుకుని, ఆయన నాయకత్వంలో ఈ నియోజకవర్గం ఎంత ముందుకు పోయిందో చెప్పడం మొదలుపెట్టారు. ఆయన గుర్తుపెట్టుకునే పద్ధతి అదేనని నాకప్పుడు తెలిసింది. వెనక కూర్చున్న తల్లిదండ్రుల్లో పాత పార్టీ వాళ్లు చాలామందే ఉన్నట్టున్నారు, ఒకటే చప్పట్లు, ఈలలు. చప్పట్లు వినగానే సారుకు ఇంకా ఊపొచ్చింది. చివర్లో పాత పార్టీకి జై కొట్టించి, చెయ్యి పైకెత్తినప్పుడు, ఎదురుగా ఉన్న తన మనుషుల మొహాలు చూసి ఆగిపోయారు. ఆ చెయ్యి కాసేపు గాల్లోనే ఉంది. అప్పుడప్పుడే ఊళ్లో అందరి చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్లు వచ్చిన రోజులు. మేము జాతీయగీతం పాడేలోపే ఆ వీడియో వాట్సాప్‌లో హైదరాబాద్ చేరింది.

మర్నాడు కరస్పాండెంట్ సారు ఫోన్ చేసి, ఇక రావద్దు మేడం అన్నారు. కారణం చెప్పలేదు, నేనడగలేదు. మామ నాతో మాట్లాడలేదు, అత్తమ్మతో అసలే మాట్లాడలేదు. "ఎండకేసి తీసినప్పుడు కిందిది మీదికొచ్చింది, నేనేం జేత్తును" అని అత్తమ్మ గోడకు చెప్పుకునేది. నేను గదిలో కూర్చుని ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు గుండె చెరువైంది. ఇన్నేళ్ల చదువు ఒక గుడ్డముక్క కింద పడి పోయిందే అని. నాయినకు చెప్పే ధైర్యం లేదు. పెట్టె మాత్రం సర్దాను.

ఇంతలో సారు దగ్గర్నుంచి మామకు పిలుపొచ్చింది, ఆ కండువా తెచ్చిన పిల్లను కూడా తీసుకురమ్మని. వెళ్లాం. సారు జొన్నరొట్టె తింటున్నారు. మామ గడప దగ్గరే ఆగిపోయి నన్ను ముందుకు తోశాడు (మేనమామలు ఆపదలో ఇలాగే ఆదుకుంటారు). కండువా ఎవలు తెచ్చిన్రని సారు అడిగారు. నేనే సార్ అన్నాను, ఆ మాట నాకే వినపడలేదు. ఆయన ముక్క తుంచుతూ, "ఫికర్ చెయ్యకు బిడ్డా. ఆ వీడియో జూసి పాత పార్టీ పెద్దాయన నాకు ఫోన్ జేసిండు. నీ మనసుల ఇంక మేమే ఉన్నం, ఇంటికి రా అన్నడు. టికెట్ గూడ ఇస్తనన్నడు. ఈ కొత్తోళ్లు ఇయ్యరని నాకు ముందే తెలుసు. జర కూసో, రొట్టె తిను" అన్నారు. నేను కూర్చోలేదు, కూలబడ్డాను. ఆ రొట్టె ఎంత రుచిగా ఉందో, పక్కన ఏం కూర వేశారో ఇప్పటికీ గుర్తులేదు. బతికిపోయానన్న ఒక్క మాటే తలలో తిరుగుతోంది.

ఉద్యోగం గురించి నేనడగలేదు, మామ కదిలించలేదు. కదిలించే అవసరం రాలేదు. సారు పాత పార్టీలోకి వెళ్లారన్న వార్త రాగానే కరస్పాండెంట్ సారు ఊళ్లో కనిపించిన వాళ్లందరికీ, గాలి ఎటు వీస్తుందో కనిపెట్టి ఆ కండువా తానే కావాలని కప్పానని చెప్పడం మొదలుపెట్టారు. కాలేజీ వాళ్లలో అసలు సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. సాయంత్రానికి ఫోన్ వచ్చింది. మీలాంటి లెక్చరర్ దొరకడం మా అదృష్టం మేడం, రేపొచ్చి పర్మినెంట్ ఆర్డర్ తీసుకోండి అని. ఆ ఘనత ఆయన ఎత్తుకుపోయినందుకు నాకు రవ్వంత కోపం కూడా రాలేదు. కావాలంటే కండువాల దొంతర మొత్తం ఆయనకే రాసిచ్చేదాన్ని. (ఎమ్మెల్యే సారు ఆ ఎన్నికల్లో ఓడిపోయారు. అది వేరే సంగతి.)

సర్దిన పెట్టె విప్పి నాయినకు ఫోన్ చేశాను. పర్మినెంట్ అయిందని చెప్పాను. నాయిన మురిసిపోయి, "ఏం పాఠం చెప్పినవ్ బిడ్డా, గంత మెచ్చిన్రు?" అన్నాడు. రాజ్యాంగం నాయినా అన్నాను. నాయిన ఆ మాట పల్లె అంతా తిరిగి చెప్పాడు. ఆయన బిడ్డ రాజ్యాంగం చెబుతుంటే ఎమ్మెల్యేనే కూర్చుని విన్నాడట అని, విన్నవాళ్లు ఇంకొంచెం కలుపుకుని చెప్పుకున్నారు. ఇన్నేళ్లయింది. సీనియర్ లెక్చరర్నయ్యాను, కళ్లద్దాలొచ్చాయి. ఇప్పటికీ పల్లెకు వెళ్తే నాయిన ఎవరో ఒకరిని పిలిచి కూర్చోబెట్టి, నా ముందే ఆ కథ మొదలుపెడతాడు. నేను తల వంచుకుని చాయ్ తాగుతూ వింటాను. ఆ రాజ్యాంగం చెప్పిన పిల్లెవరో గానీ, వింటుంటే నాకూ గర్వంగానే ఉంటుంది.