దొర్లుడు కలిపిన లెక్క

పోయిన మంగళవారం పొద్దున మా బావగారి మనవరాలు పెద్ద కాగితపు చుట్ట ఒకటి చంకలో పెట్టుకుని వచ్చి, ఇచ్చిన కాఫీ అయినా తాగకుండా, "చిన్నవ్వా, ఇప్పుడు నీ దెబ్బ ఎన్ని గజాలు పోతాది?" అని అడిగింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషిని పట్టుకుని అడగవలసిన ప్రశ్నేనా అని వంటమనిషి తొంగిచూసింది గాని, మా కుటుంబంలో ఆ మాటకి ఒకటే అర్థం, గోల్ఫ్ బంతి ఎంత దూరం పోతుందని. సముద్రానికీ ఉప్పుకాలువకీ నడుమ సరుగుడు తోపుల్లో, అభ్రకం వ్యాపారం చేసుకున్న దొరలు వేసుకుని మనకి వదిలిపోయిన మా క్లబ్బు మైదానాన్ని మళ్ళీ తిరగదోడుతున్నారు, ఆ పటాలు గీసేది ఈ పిల్లే. ఈసారి పోటీల కోసం కాదట, సభ్యుల కోసమట. ముసలోళ్ళకి అనబోయి, సగంలో మింగి, సీనియర్లకి అనుకూలంగా ఆట మొదలుపెట్టే చోట్లు ముందుకి జరుపుతున్నామని, వాటికి నా దెబ్బనే కొలతగా పెట్టుకుంటామని చెప్పింది ఆ పిల్ల.

లెక్కలు చెప్పి బతికినదాన్ని. తారీఖులైనా మొత్తాలైనా అడిగిన వెంటనే చెప్పడం నాకు అలవాటు, ఆ అలవాటంటే కాస్త గర్వం కూడా. ఆ రోజు మాత్రం, "గాలిలోనా, దొర్లుడు కలుపుకునా?" అని ఎదురు అడిగాను. "దొర్లేదేముంది అవ్వా, పడినచోటే కదా ఆగేది" అంది. నిజమే, ఇప్పటి మెత్తటి పచ్చికలో అంతే. ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పు లేదు. నేనే గ్లాసు కిందపెట్టి, సెనగపప్పు చూడాలని వంకపెట్టి లోపలికి వెళ్ళిపోయాను.

మన ఈడువాళ్ళలో ఆ పాత మైదానాన్ని చూసినవాళ్ళు నెల్లూరులో ఇంకా కొందరైనా ఉండి ఉంటారు. పచ్చదనమంతా సరుగుడు కొమ్మల్లోనే గాని నేలమీద ఉండేది కాదు. వానలు వెనక్కి తగ్గి శివరాత్రి దాటితే ఆ ఇసుకనేల గచ్చులా బిగుసుకుపోయేది. బంతి కిందపడి ఆగేది కాదు, పడి, లేచి, తాడు తెంచుకున్న మేకపిల్లలాగా ఎటో పరిగెత్తి, ఎప్పటికో ఆగేది. ఇప్పుడు టీవీలో గుంత చుట్టూ చూపించే పచ్చటి గడ్డి గ్రీన్లు మాకు తెలియవు. గుంత చుట్టూ గుండ్రంగా ఇసుక పరిచి, మావారి మేనమామ బియ్యం మిల్లు నుంచి పంపే పాత ఇంజను నూనె అందులో కలిపి తొక్కించేవాళ్ళు. నల్లగా, వాసనగా ఉండే ఆ వలయాన్ని బ్రౌను అనేవాళ్ళం. చీర అంచులకి ఆ నూనె మరక అంటితే చాకలి కూడా చేతులెత్తేసేవాడు.

బ్రౌను దగ్గర ఒక మర్యాద ఉండేది. ఆడేవాళ్ళ అడుగులతో ఇసుక చెదిరిపోతుంది కాబట్టి, గోనెపట్టా చుట్టిన అడ్డకర్ర ఒకటి పక్కనే పడి ఉండేది. దాన్ని బంతి దగ్గర నుంచి గుంత దాకా ఒకసారి లాగితే నున్నటి దారి పడేది. దానికి బాట తియ్యడం అని పేరు. ఎవరి బంతికి వాళ్ళు బాట తీసుకోకూడదు, ఎదుటివాళ్ళకి తియ్యాలి. రాసిపెట్టిన నియమం కాదు, ఎవరు మొదలుపెట్టారో కూడా తెలియదు, కాని తనకి తాను తీసుకున్నవాణ్ణి ఆ రోజంతా అందరూ ఆటపట్టించేవారు. మా అత్తగారికి బాట తియ్యడం నా పని, నాకు తియ్యడం ఆవిడ పని.

అవును, అత్తగారే. మనుబోలు వైపు వరిపొలాల ఇంట పుట్టి, పెళ్ళయ్యాక మామగారి వెంట సరదాగా కర్ర పట్టిన మనిషి. మామగారు పోయాక ఇక మానేస్తుందని అందరూ అనుకున్నారు. సంవత్సరీకం అయిన మరునాడు కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, తాటాకు సంచిలో మూడే మూడు కర్రలు వేసుకుని మైదానానికి నడిచింది. విధవరాలికి ఆటలేమిటని ఊళ్ళో నాలుగు నోళ్ళు నాలుగు మాటలన్నాయి, ఆవిడ వినిపించుకోలేదు. మావారికి ఆటంటే గిట్టదు, అందుకని తోడుగా నన్ను పంపారు, అలా నాకూ పట్టుబడింది. ఇంట్లో ఉంటే పాలవాడి దగ్గర నుంచి మనవల దాకా అందరికీ ఆవిడే కావాలి. "ఈ తొమ్మిది గుంతలసేపూ నన్ను ఎవురూ పిలవరు అమ్మాయ్" అని ఒకసారి అంది. ఆవిడకి ఆటలో దక్కేది అదేనని నాకు అప్పుడే తెలుసు. తెలియదని ఇప్పుడు తప్పించుకోలేను.

ఆవిడ బంతిని ఎత్తి కొట్టేది కాదు. కల్లం ఊడ్చినట్టు నేలబారుగా ఒక్క విసురు. బంతి కాస్త ఎగిరి, దిగి, ఇక నడక మొదలుపెట్టేది. మేం ఎత్తి కొట్టిన బంతుల్ని సముద్రపు గాలి సరుగుళ్ళలోకి ఈడ్చుకుపోతుంటే, ఆవిడ బంతి మాత్రం నిదానంగా దారి మధ్యలోనే పోయి ఆగేది. "పైకి కొడితే గాలి పాలు. నేలను నమ్ముకో, నేలే మోస్తాది" అనేది, నా బంతి కోసం పొదల్లో వెతుకుతూ నవ్వుతూ.

అత్తగారి పెద్దకొడుకు, మా బావగారు, క్లబ్బు ప్రెసిడెంటు అయ్యాక మైదానం బాగుచెయ్యాలన్న మాట వచ్చింది. రెండు పటాలు గీయించి వరండా గోడకి అంటించారు. ఒకటి సభ్యుల కోసం, బ్రౌన్లు తిరిగి పరిచి, పురుగుపట్టిన చెట్లు తీసి, వాననీటి కాలవలు సరిచేసేది. రెండోది పెద్ద పోటీల కోసం, మైదానమంతా గడ్డి, గొట్టాలతో నీళ్ళు, పొడుగు పెంచిన దారులు, నాలుగో గుంతకి అడ్డంగా పెద్ద కుంట. కుంటకి ఎడమపక్క ఉప్పుకాలువ, కుడిపక్క చెట్లూ కంచే, చుట్టి కొట్టడానికి సందు లేదు, పైనుంచి దాటించాల్సిందే. అలా ఉంటేనే దేశంలో పేరున్న ఆటగాళ్ళు వస్తారన్నారు. బావగారి కోరిక అది. నా కోరిక కూడా అదే, ఆయన మీదికి నెట్టను. కాలేజీలో తోటి లెక్చరర్లు "మీది మైదానమా, ఎడారా?" అని వెక్కిరించినప్పుడల్లా నాకు చురుక్కుమనేది. మన ఇసుకదిబ్బ పేరు పేపర్లో చూడాలని నాకూ ఉండేది.

సభ్యుల సమావేశంలో పెద్దవాళ్ళు కుంట గురించి గొణిగారు. అత్తగారి తమ్ముడు, ఆ మిల్లు మేనమామ, లేచి, "మా అక్కయ్య దాటిస్తే మేమందరం దాటించినట్టే. నా నూనె ఎటూ వద్దంటున్నారు, సరే, మా అక్కయ్య సంగతి చెప్పండి. ఏమ్మా లెక్కల టీచరమ్మా, దాటుతాదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను లేచాను. అత్తయ్య దెబ్బ తొంభై గజాలు, కుంట అడ్డం అరవై గజాలు, ఇంకా ముప్పై మిగులు అన్నాను. ఊహించి చెప్పింది కాదు, ఎన్నో పొద్దులు నేనే అడుగులు వేసి కొలిచిన దూరం. మేనమామ చేతులు జోడించి, "టీచరమ్మ చెప్పాక ఇంకేముంది" అని కూర్చున్నాడు. అత్తగారు నావైపు ఒకసారి చూసి, పోటీల పటానికి చెయ్యెత్తింది. ఆవిడ చెయ్యి లేచాక మిగతా చేతులన్నీ లేచాయి.

రెండేళ్ళకి పని పూర్తయింది. మొదటి పొద్దు ఆట ఆవిడ చేతే మొదలుపెట్టించారు. నాలుగో గుంత దగ్గర ఆవిడ ఎప్పటిలాగే నేలబారుగా విసిరింది. బంతి ఎగిరింది, దిగింది, దిగినచోట నీళ్ళున్నాయి. రెండోది కూడా. మూడోది అవతలి ఒడ్డుకి ఇంకా పది గజాలుండగా మునిగింది. ఆవిడ కుంటవైపు చూసి, "గుడ్లనుకుని చేపలు పొదుగుతాయేమో చూడాల" అంది. కమిటీ వాళ్ళు గట్టిగా నవ్వారు. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే చేతిలో కార్డూ పెన్సిలూ ఉన్నాయి, మునిగిన ప్రతి బంతికీ అదనంగా ఒక దెబ్బ కలపాలి, నేను కలుపుతున్నాను. ఆవిడ చెట్ల సందుల్లోంచి కుంట చుట్టి నడిచి అవతలి ఒడ్డున బంతి వేసుకుని, "ఎంతయింది అమ్మాయ్?" అని అడిగింది. ఆరు అయ్యాయి, ఇది ఏడోది అత్తయ్యా, అన్నాను. సరిగ్గా చెప్పాను. అంత సరిగ్గా చెప్పవలసిన అవసరం ఆ పొద్దున ఎవరికీ లేదు.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాక తట్టింది. తొంభై గజాలు బంతి ఆగిన చోటికి కొలిచాను. అందులో ఎగిరేది యాభై, మిగతా నలభై దొర్లుడు. నీళ్ళమీద బంతి దొర్లదు. ఇంత చిన్న సంగతి నా క్లాసులో ఏ ఆడపిల్లయినా పట్టుకునేది. చెప్పబోయేలోపే ఆవిడ మజ్జిగ పోసుకుంటూ, "నీ లెక్క మంచిదే. నేలే మారిపోయినాది" అంది. సమావేశం నాడు చెయ్యెత్తేటప్పుడు ఆవిడకి ఈ సంగతి తెలియదా? తన బంతి ఎలా నడిచేదో రోజూ చూసిన మనిషికి తెలియకుండా ఉంటుందా? కొడుకు ముచ్చట కోసం ఎత్తిందో, నా మాట నలుగురిలో పోకూడదని ఎత్తిందో, నేను అడగలేదు. అడిగితే ఏం వినవలసి వస్తుందోనని భయం.

కుడిపక్క చెట్లు కొన్ని తీయించి నేలదారి వెయ్యమని బావగారిని అడిగాను. పోటీ అయ్యాక చూద్దాం అన్నారు. పోటీ వచ్చింది, పేపర్లో పేరూ పడింది. మరుసటేడు ఇంకోసారి వచ్చి, తర్వాత పెద్ద ఊళ్ళకి తరలిపోయింది. నేలదారి మాట నేను మళ్ళీ ఎత్తలేదు. అప్పటికి నాకు కుంట దాటించడం బాగా వచ్చేసింది. అత్తగారు మోకాళ్ళ నొప్పులని చెప్పి కర్రలు పైన పెట్టించేసింది. అప్పుడావిడకి డెబ్బై నాలుగు. నాతో క్లబ్బుకి వచ్చి వరండాలో పేపరు చదువుకుంటూ కూర్చునేది, నేను ఎండలో తిరిగి రాగానే "నాలుగోది దాటినావా?" అని అడిగేది. దాటాను అత్తయ్యా అని నేను ఉత్సాహంగా చెప్పేదాన్ని. ఆవిడ వరండాలో కూర్చున్నది ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళూ అలాగే చెప్పాను. అక్కడ కూడా ఆవిణ్ణి ఎవరో ఒకరు పిలుస్తూనే ఉండేవారు, కాఫీకో, కబుర్లకో.

శుక్రవారం నాడు మనవరాలి వెంట మైదానానికి వెళ్ళాను. నాలుగో దగ్గర మూడు బంతులు కొట్టించింది, మూడూ నీళ్ళలోనే పడ్డాయి. "పర్వాలేదవ్వా, అందుకే కదా" అని కుడిపక్కకి తీసుకెళ్ళి, చెట్లు తీసి కుంట అంచు పూడ్చిన పట్టీ ఒకటి చూపించింది. దానిమీద గడ్డి పరిచి నీటి గొట్టాలు వేస్తారట, అది ముఖ్యంగా నాకోసమేనట. ఒకావిడ కోసం అడిగి, పట్టుబట్టకుండా వదిలేసిన దారి ఇన్నేళ్ళకి నా కాళ్ళముందు పరుస్తున్నారు.

దీనికి నీళ్ళు పెట్టవద్దు అన్నాను. "ఎండిపోయి గోధుమరంగు తిరుగుతాది చిన్నవ్వా, చూడ్డానికేం బాగుంటాది? కమిటీ వాళ్ళు నన్ను తిడతారు" అంది. చూడ్డానికి బాగుండాలనే ఒకసారి ఈ కుంట తవ్వాం కదమ్మా అన్నాను. గట్టినేల మీదైతే యాభై గజాల దెబ్బ తొంభై అవుతుందని, మీ ముత్తవ్వ బంతి ఎగిరేది కాదు, నడిచేదని మెల్లిగా చెప్పాను. ఆ పిల్ల నా ముఖం చూసి, కాగితం మోకాలి మీద పెట్టుకుని ఆ పట్టీ మీద నీటి గొట్టపు గీతని కొట్టేసింది.

తిరిగి వచ్చేటప్పుడు గ్రీను మీద ఇద్దరు కుర్రవాళ్ళు ఆడుతున్నారు. అంతా ఒకే నునుపు, ఎవరికీ ఎవరూ ఏమీ తియ్యనక్కర్లేదు, ఎవరి బంతి వాళ్ళు కొట్టుకుని పోతున్నారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. నేను మాత్రం ఇప్పటికీ గ్రీను మీదికి రాగానే, గోనెపట్టా కర్ర కోసం పక్కలు వెతికి, ఒక్క క్షణం ఆగుతాను. వయసు మీదపడి ఆగుతున్నాననుకుని వెనకవాళ్ళు ఓపిగ్గా నిలబడతారు. ఆ ఎండు పట్టీ అప్పుడే ఉండి ఉంటే ఆవిడ వరండాలో కూర్చున్న ఏడేళ్ళూ ఆడి ఉండేది. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా అంతే వస్తుంది.