అక్క అరికాళ్ళు

ఈ ఉదయం బెంగళూరు మారతహళ్ళి బస్‌స్టాపులో పక్కనున్నాయన మోచెయ్యి గోక్కుంటుంటే చూసి నాకూ దురద పుట్టింది. దోమ కుట్టింది ఆయన్ను, గోక్కున్నది ఇద్దరం. ఏడో తరగతితోనే బడికి దండం పెట్టిన నాకు శరీరశాస్త్రం ఇలా బస్‌స్టాపుల్లోనే అబ్బింది. మొదటి పాఠం మాత్రం దొడ్డబళ్ళాపురంలో, అక్క అత్తవారింట్లో.

నేను ఆ ఇంట్లోనే ఉండి వాళ్ళ మరమగ్గాలు నడిపేవాణ్ణి. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ దిగితే పట్టునూగు బంగారు పొగలా తేలేది. మగ్గాల చప్పుడులో ఇల్లు మొత్తం ఎక్కడికో మెల్లగా సాగిపోతున్నట్టుండేది. అక్కకు ఎనిమిదో నెల. అరచేతులు, అరికాళ్ళు ఒకటే దురదంది. దద్దు లేదు, పొక్కు లేదు.

"అరచెయ్యి దురదంటే లచ్చిమి వస్తా ఉండాదమ్మా," అని వాళ్ళత్త మురిసిపోయింది.

"అరికాలు దురదంటే ప్రయాణం కదా! ఇంత కడుపేసుకోని యాడికి పోతావక్కా, కాశీకా?" అన్నాను నేను.

రోజుకో ఊరు చెప్పి నవ్వించాను. కొన్నాళ్ళు నవ్వింది, తర్వాత దురద మాటే ఎత్తలేదు. తగ్గిందనుకున్నాం.

ఒక మధ్యాహ్నం పెరట్లోకి వెళితే, అక్క గోడ పట్టుకుని, బట్టలుతికే బండకేసి అరికాళ్ళు రుద్దుకుంటోంది. కళ్ళు అరమూతలు, ఏదో దూరపు పాట వింటున్నట్టు. బండ మీద నెత్తురు.

ఆసుపత్రికి తీసుకుపోయాను. "ఎన్ని దినాలైంది?" అంది డాక్టరమ్మ.

అక్క నావైపు చూపించింది. "ఈడు నవ్వేది మొదులుపెట్టి పది దినాలు మేడమ్."

ఆవిడ నవ్వలేదు. తప్పు చర్మానిది కాదట. కాలేయంలోంచి పేగుల్లోకి పోవాల్సిన పైత్యరసం దారి తప్పి రక్తంలో చేరి, దురద కబురు మోసే సన్నని నరాలను రేపుతోందట. గోకితే ఆ నొప్పి వెన్నుపాములో కాసేపు కబురుకు అడ్డుపడుతుంది, అంతే. పంపేవాడు మాత్రం పంపుతూనే ఉంటాడు.

"తల్లికి దురదే. బిడ్డ ప్రాణానికే భయం," అంది. గుండె చప్పుడు వినే యంత్రం కడుపు మీద పెట్టి వెతుకుతుంటే నాకున్న జోకులన్నీ ఎండిపోయాయి. దొరికింది. టకటకా, మా మగ్గం కన్నా వడిగా.

మేనకోడల్ని మూడు వారాలు ముందే బయటికి తీశారు. రెండు మూడు రోజులకు అక్క చేతులు ఊరుకున్నాయి. ఆ చేతులతోనే పిల్లను నా ఒళ్ళో పెట్టి, "నవ్వరా, భయపడింది చాల్లే," అంది.

ఇప్పుడా పిల్ల నా భుజం దాటింది. నేను నవ్వుతూ పోగొట్టిన ఆ పది దినాల్ని కాలం నన్ను తిరిగి అడగలేదు. అడగనందుకే అవి నా దగ్గర ఉండిపోయాయి.